ఇల్లు కొనే ముందు చిమ్నీ లోపల చూపించండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఇల్లు కొనేవారి కోసం మన తెలుగు పత్రికల ప్రవాస పేజీల్లో తరచూ సలహాలు వస్తుంటాయి. వడ్డీ రేటు, స్కూలు రేటింగు, ఆస్తి పన్ను, రైలు స్టేషన్‌కు దూరం, తూర్పు వాకిలి ఉందా లేదా అన్నీ ఉంటాయి. ఇంటి నెత్తిన నిలబడి ఉండే ఇటుకల చిమ్నీ గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా ఉండదు. న్యూజెర్సీలో ఎడిసన్, ఇసెలిన్ చుట్టుపక్కల, ఫిలడెల్ఫియా, బోస్టన్ శివార్లలో మనవాళ్లు కొంటున్న ఇళ్లలో 1950, 60, 70 దశకాల్లో కట్టినవి చాలానే ఉన్నాయి. వాటిలో చాలా వాటికి ఒకటో రెండో చిమ్నీలు ఉంటాయి. ఇళ్ల తనిఖీ, తాపీ పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

చిమ్నీ అంటే పొగ, మంట గుర్తొస్తాయి. కానీ దాన్ని ఎక్కువగా తినేసేది నీరు. ఇంటి గోడలకు పైకప్పు చూరు అడ్డం ఉంటుంది. చిమ్నీకి ఏ అడ్డూ లేదు, నాలుగు వైపులా వాన, మంచు కొడతాయి. ఇటుక పీల్చుకున్న నీరు రాత్రి గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది. న్యూజెర్సీ చలికాలంలో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. మొదట ఇటుకల మధ్య మాలు పొడిపొడిగా రాలుతుంది, తర్వాత ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది, ఆ తర్వాత పై వరసలు చేత్తో కదిపితే కదులుతాయి. కాబట్టి మేస్త్రిని పిలిచే ముందు తేల్చుకోవలసింది నీరు ఎక్కడి నుంచి దిగుతోందన్నదే. ఆ దారి మూయకుండా కొత్త ఇటుకలు పెట్టించుకుంటే కొన్ని చలికాలాల్లో మళ్లీ అదే పని.

పై నుంచి కిందికి వద్దాం. చిమ్నీ నెత్తిన, పొగగొట్టం చుట్టూ పరిచి ఉండే పలకను క్రౌన్ అంటారు. కట్టేటప్పుడు చాలా చోట్ల మిగిలిపోయిన మాలునే నున్నగా పూసి వదిలేశారు. అది రెండు మూడేళ్లలో నెర్రెలిస్తుంది, నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. సరైన క్రౌన్ కాంక్రీటుతో పోసింది. అంచు దగ్గర కూడా కనీసం 2 అంగుళాల మందం ఉండాలి, బయటికి వాలుగా ఉండాలి, ఇటుక గోడను దాటి రెండు రెండున్నర అంగుళాలు ముందుకు రావాలి. ఆ ముందుకు వచ్చిన భాగం అడుగున నీటి చుక్క తెగిపడేలా ఒక గాడి ఉండాలి. గాడి లేకపోతే నీరు అడుగు వెంబడి పాకి మళ్లీ ఇటుక మీదికే చేరుతుంది. ఇంకొక సంగతి: మట్టి పొగగొట్టం వేడికి సాగుతుంది, కాంక్రీటు అంత సాగదు. రెండూ అతుక్కుని ఉంటే క్రౌన్ పగులుతుంది. అందుకే వాటి మధ్య కొంచెం సందు వదిలి, సాగే గుణమున్న సీలెంటుతో నింపాలి. అమెరికా నివాస భవనాల కోడ్ కూడా ఇదే అడుగుతుంది. వెంట్రుకవాసి పగుళ్లే ఉంటే క్రౌన్ మీద వేసే సాగే పూత చాలు. ముక్కలు కదులుతుంటే మాత్రం కొట్టేసి కొత్తది పోయించాలి, పగిలిన దాని మీద పూత వేయించడం డబ్బు దండగ.

గొట్టం నోటికి స్టెయిన్‌లెస్ స్టీలు టోపీ, దానికి జాలీ ఉండాలి. వాన, ఉడతలు, రకూన్లు, ఎగిరే నిప్పురవ్వలు అన్నిటికీ అదే కాపలా. ఇది చవకైన వస్తువు, లేకపోతే వెంటనే పెట్టించండి.

మేడ మీద గది సీలింగులో చిమ్నీ పక్కన పసుపు మరక కనిపిస్తే తప్పు తరచుగా ఫ్లాషింగుది. కప్పు, చిమ్నీ కలిసే చోట నీరు దిగకుండా వేసే లోహపు రేకులవి. ఒక్కో షింగిల్ (కప్పు మీద పరిచే పలక) వరసకు ఒక్కో ఎల్ ఆకారపు రేకు మెట్లుమెట్లుగా రావాలి. వాటి పైన ఇంకో రేకు చిమ్నీ ఇటుకల సందులోకి దూరి, కిందికి వంగి, మొదటి రేకును కప్పాలి. ఈ రెండో రేకును సందు కోసి లోపలికి దించకుండా, ఇటుక ముఖానికి నల్ల తారుతో అంటించి పోయేవారు ఎక్కువ. తారు ఎండకు ఎండి, పగిలి, ఒకటి రెండేళ్లలో విడిపోతుంది. అంచనా కాగితంలో 'సీల్ చేస్తాం' అని మాత్రమే ఉంటే తారు పూస్తారనే అర్థం చేసుకోండి. కప్పు వాలుకు అడ్డంగా చిమ్నీ 30 అంగుళాల కంటే వెడల్పు ఉంటే, దాని వెనక నీరు నిలవకుండా రెండు వైపులా మళ్లించే చిన్న వాలు కప్పు కూడా ఉండాలి. దాన్ని క్రికెట్ అంటారు. పాత ఇళ్లలో చాలా వాటికి అది లేదు. కొత్త కప్పు వేయించేటప్పుడే చేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

ఇక మాలు సంగతి. మనవాళ్లకు అందరికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. సిమెంటు ఎంత ఎక్కువైతే గోడ అంత గట్టి అని మన ఊళ్లో విని పెరిగాం. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక కలిపితే మంచి మేస్త్రి, ఎనిమిది కలిపితే దొంగ. కానీ పాత ఇటుకలకు పాయింటింగ్ చేసేటప్పుడు, అంటే సందుల్లో పాడైన మాలు తీసి కొత్తది పెట్టేటప్పుడు, లెక్క తిరగబడుతుంది. మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలి. గోడ కదిలినా, తడి బయటికి పోవాలన్నా, ఆ బరువు మాలు మోయాలి. మాలు పాడైతే మళ్లీ పెట్టుకోవచ్చు, ఇటుక పాడైతే తీసి పారేయాల్సిందే. గట్టి సిమెంటు మాలు తడిని బయటికి పోనివ్వదు. తడి ఇటుక గుండా బయటికి రావడానికి చూస్తుంది, గడ్డకడుతుంది, ఇటుక ముఖం ఎగిరిపోతుంది. సందుల్లో మాలు చెక్కుచెదరకుండా నిలిచి, ఇటుకలు మాత్రం గుంటలు పడిన గోడ కనిపిస్తే అక్కడ జరిగింది అదే. మన పెద్దలు డంగు సున్నంతో కట్టిన మండువా లోగిళ్లు, కోటలు ఇన్నాళ్లు నిలవడంలో ఆ సున్నపు మెత్తదనానికీ పాలుంది.

అమెరికాలో మాలును ఎం, ఎస్, ఎన్, ఓ అని రకాలుగా చెబుతారు. 28 రోజుల బలం చదరపు అంగుళానికి వరసగా 2500, 1800, 750, 350 పౌండ్లు. శివారు ఇళ్లలో 1950 తర్వాత కట్టిన చిమ్నీలకు మామూలుగా ఎన్ రకం సరిపోతుంది: ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక. 1930కి ముందు మెత్తటి ఇటుకతో కట్టిన ఇల్లయితే ఓ రకం, అంటే ఒకటి, రెండు, తొమ్మిది పాళ్లు, లేదా పూర్తిగా సున్నపు మాలు కావాలి. పునాదులకు వాడే ఎం రకాన్ని చిమ్నీకి పెడతానంటే ఆ మేస్త్రిని వద్దనండి. అలాగే పాత మాలును ఎంత లోతు తీస్తారో అడగండి. సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు తీయాలి. మామూలు సందు అంగుళంలో మూడు ఎనిమిదో వంతు ఉంటుంది కాబట్టి ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా. పైపైన గీకి కొత్తది రాస్తే అది అట్టు ఊడినట్టు ఊడి వస్తుంది. కొత్త మాలును ఒకేసారి కూరకుండా పావు అంగుళం చొప్పున పొరలుగా దట్టించాలి. సందులో ముందుగా తడి చేయాలి. పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేస్తే అది పట్టు రాకముందే చచ్చుబడుతుంది. తీసేటప్పుడు గ్రైండర్‌కు దుమ్ము లాగే తొడుగు, వాక్యూమ్ ఉండాలి. ఆ దుమ్ములో ఉండే సిలికా పనివాళ్ల ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, కిటికీలు తెరిచి ఉంటే మీ ఇంట్లోకీ వస్తుంది.

పాయింటింగ్ అయ్యాక వాన పట్టకుండా ఏదో పూస్తామంటారు. సైలేన్, సైలాక్సేన్ అనే రసాయనాల రకం, ఆవిరిని బయటికి పోనిచ్చేదయితే సరే. రంగు గానీ, మెరిసే పొర కట్టే సీలరు గానీ వద్దు, అవి తడిని లోపలే బంధిస్తాయి. ఇటుకల మీద తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే అది లోపల నీరు ఉందన్న గుర్తు. ముందు నీటి దారి మూయాలి, ఆ తర్వాతే కడగాలి.

ఇప్పటిదాకా చెప్పింది కంటికి కనిపించేది. అసలు భయపడవలసింది బేస్‌మెంటులో ఉంది. పాత ఇళ్లలో ఫర్నేసు (ఇంటిని వెచ్చబరిచే యంత్రం), గ్యాసు వాటర్ హీటరు రెండూ ఒకే చిమ్నీలోకి పొగ వదిలేవి. తర్వాత ఎవరో 90 శాతం పైబడిన సామర్థ్యమున్న కొత్త ఫర్నేసు పెట్టించారు. దాని పొగ ప్లాస్టిక్ గొట్టం ద్వారా పక్క గోడలోంచి పోతుంది. వాటర్ హీటరు ఒక్కటే ఆ పెద్ద చిమ్నీకి మిగిలిపోతుంది. దాని కొద్దిపాటి వేడి పొగ అంత వెడల్పు, అంత చల్లని గొట్టంలో పైకి ఎక్కలేదు. మధ్యలోనే చల్లబడి నీరవుతుంది. ఆ నీరు ఆమ్లగుణం గలది, మట్టి గొట్టం అతుకులను, లోపలి మాలును కరిగిస్తుంది. రాలిన ముక్కలు కింద పేరుకుని దారి మూసేస్తే కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకే తిరిగి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

గుర్తులు ఇవి. వాటర్ హీటరు మీది టోపీ చుట్టూ తుప్పు, లేదా కరిగిన ప్లాస్టిక్ రింగులు. చిమ్నీ అడుగున ఉండే చిన్న ఇనుప తలుపు తెరిస్తే ఎర్రటి మట్టి పెంకులు, ఇసుక. అటకలో చిమ్నీ గోడ మీద తడి చారలు. ఇల్లు కొనేటప్పుడు ఈ మూడూ ఎవరైనా చూసుకోవచ్చు. పరిష్కారం చిమ్నీ లోపలికి సరైన సైజు లోహపు లైనరు, అంటే లోపలి గొట్టం, దించడమే. సైజును కంటి అంచనాతో కాదు, హీటరు బీటీయూ (అది ఇచ్చే వేడి కొలత), చిమ్నీ ఎత్తు చూసి పట్టిక ప్రకారం నిర్ణయించాలి. మామూలు గ్యాసు హీటరుకు అల్యూమినియం లైనరు కూడా అనుమతిస్తారు. కట్టెల పొయ్యికి, ఇంధన నూనెతో నడిచే పరికరానికి మాత్రం అది పనికిరాదు, 316ఎల్ వంటి స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. నూనె నుంచి గ్యాసుకు మారిన ఇంట్లో మారే ముందే చిమ్నీ శుభ్రం చేశారా అని అడగండి. పాత నూనె మసి గ్యాసు పొగలోని తేమకు తడిసి రేకులుగా రాలుతుంది. న్యూజెర్సీలో ఇలాంటి పరికరం మార్చినప్పుడు చిమ్నీ పరీక్షించినట్టు ధ్రువీకరించే పత్రం టౌన్‌షిప్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసుకు ఇవ్వాలి. అమ్మేవారిని ఆ పత్రం, పని పూర్తయిందని ముగించిన పర్మిట్ చూపించమనండి.

మన ఇళ్లకు దీనికి తోడు వంటగది. తిరగమోత ఘాటు, చేపల వాసన ఇంట్లో నిలవకూడదని నిమిషానికి 600, 900 ఘనపుటడుగుల గాలి లాగే హుడ్లు పెట్టించుకుంటున్నాం. బిగుతుగా మూసిన ఇంట్లో అంత గాలి బయటికి లాగితే, ఆ లోటు పూడ్చే గాలి దొరికిన దారినల్లా లోపలికి వస్తుంది. ఆ దారుల్లో చిమ్నీ ఒకటి. పైకి పోవలసిన పొగ కిందికి వస్తుంది. చిమ్నీ మీద ఆధారపడిన పరికరాలున్న ఇంట్లో 400 ఘనపుటడుగులు దాటిన హుడ్డుకు బయటి గాలి వచ్చే ఏర్పాటు ఉండాలని కోడ్ అంటుంది. హుడ్డు బిగించేవాడు ఈ మాట సాధారణంగా చెప్పడు. ముందే అడగండి, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడు అలారం పెట్టండి.

ఇల్లు కొనేటప్పుడు వచ్చే మామూలు ఇన్‌స్పెక్టరు చిమ్నీని కింద నుంచో కప్పు మీద నుంచో చూసి రాస్తాడు. గొట్టం లోపల ఆయన చూడడు, తన నివేదికలో ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాస్తాడు కూడా. అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం ప్రకారం చిమ్నీ తనిఖీలో మూడు స్థాయులు. మొదటిది ఏటా చేయించేది. రెండోది గొట్టంలోకి కెమెరా దించి చూసేది. ఇల్లు చేతులు మారినప్పుడు, పరికరం లేదా ఇంధనం మార్చినప్పుడు, చిమ్నీలో మంటలు లేచాక ఈ రెండో స్థాయి చేయించాలి. మూడోది గోడ విప్పి చూడడం. రెండో స్థాయికి కొన్ని వందల డాలర్లు అవుతాయి. లైనరు గానీ, కప్పుకు పైనున్న చిమ్నీ మొత్తం విప్పి కట్టడం గానీ వేలల్లోకి పోతుంది. ఒప్పందంలోని తనిఖీ గడువులోనే ఈ పరీక్ష చేయిస్తే, ఆ వేలను ధరలో తగ్గించమని అడగవచ్చు. సంతకాలయ్యాక అడిగేవారు ఉండరు.

ఎవరిని పిలవాలి అన్నదీ చిక్కే. గొట్టం లోపలి పనికి చిమ్నీ స్వీప్. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ధ్రువపత్రం ఉన్నవారిని వెతకండి, ఆ సంస్థ సైటులోనే పేరు సరిచూసుకోవచ్చు. ఇటుక, క్రౌన్, పాయింటింగ్ పనికి తాపీ పనివాడు. ఫ్లాషింగు కప్పుపనివాడిది, కానీ సందు కోసేది తాపీవాడే కాబట్టి ఆ పని ఎవరి బాధ్యతో కాగితం మీద ఉండాలి. చిమ్నీ మొత్తంగా ఇంటి నుంచి ఒరిగి విడిపోతున్నా, బేస్‌మెంటు బ్లాకు గోడలో అడ్డంగా పగులు సాగుతున్నా ఈ ముగ్గురిలో ఎవరూ కాదు, ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు రావాలి. పగులు పూడ్చేవాడే కారణం చెప్పేవాడు కాకూడదు.

న్యూజెర్సీలో ఇంటి మరమ్మతుల కాంట్రాక్టరు రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల విభాగం దగ్గర నమోదై ఉండాలి. ఆ నంబరు 13వీహెచ్‌తో మొదలవుతుంది. కనీసం 5 లక్షల డాలర్ల బాధ్యతా బీమా ఉండాలి. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, అది చేతికొచ్చిన మూడు పనిదినాల్లో ఏ కారణం లేకుండానే రద్దు చేసుకునే హక్కు మీకుంది. మసాచుసెట్స్‌లో ప్రత్యేకంగా తెప్పించే సామాను ఉంటే తప్ప మూడో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మీ రాష్ట్రంలో అలాంటి నియమం లేకపోయినా మీరే ఆ గీత గీసుకోండి. బీమా పత్రాన్ని కాంట్రాక్టరు చేతి మీదుగా కాక బీమా ఏజెంటు నుంచి నేరుగా తెప్పించుకోండి, అందులో పనివాళ్ల ప్రమాద బీమా ఉందో లేదో చూడండి. చిమ్నీ మీద నుంచి మనిషి పడితే ఆ ప్రశ్న మీ గడప దగ్గరికే వస్తుంది.

అంచనాలు కనీసం మూడు తీసుకోండి. అవి ఒకే పనికి ఇచ్చినవైతేనే పోల్చడానికి వీలవుతుంది. 'చిమ్నీ రిపేరు, ఇంత' అని ఒక్క గీతలో ఇచ్చేది అంచనా కాదు. ఎన్ని వరసలు విప్పి కడతారు, ఏ వైపు పాయింటింగ్, మాలు రకం, తీసే లోతు, క్రౌన్ మందం, ముందుకొచ్చే కొలత, ఫ్లాషింగు లోహం, లైనరు వ్యాసం, స్టీలు గ్రేడు, పర్మిట్ ఎవరు తీస్తారు, షింగిల్స్ విరిగితే ఎవరు వేస్తారు, చెత్త ఎవరు ఎత్తుతారు, పనికి ముందు తర్వాత ఫొటోలు ఇస్తారా, ఇవన్నీ ఉండాలి. ఇటుక నమూనాను పాత గోడ పక్కన పెట్టి చూశాకే ఒప్పుకోండి. మాలు రంగును తడిగా ఉన్నప్పుడు కాదు, ఎండాక చూడాలి. ఆఖరి విడత డబ్బు ఇచ్చే ముందు సామాను దుకాణానికి, కింది పనివాళ్లకు బాకీ లేదన్న లీన్ (ఆస్తి మీద బాకీ హక్కు) మాఫీ పత్రం తీసుకోండి. లేకపోతే కాంట్రాక్టరు ఎగ్గొట్టిన బాకీ మీ ఇంటి మీద లీన్‌గా పడవచ్చు.

తలుపు తట్టి 'పక్కింట్లో పని చేస్తున్నాం, మీ చిమ్నీ ఇటుకలు కదులుతున్నాయి' అనేవాడిని కప్పు ఎక్కనివ్వకండి. అతి చవకగా శుభ్రం చేస్తామని ఫోన్ చేసి వచ్చి, గొట్టం పగిలిపోయింది, ఈ రాత్రికే ఇల్లు ఖాళీ చేయాలి, ఇప్పుడే కొన్ని వేలు కట్టండి అని భయపెట్టడం పాత మోసం. చూపించే ఫొటో మీ చిమ్నీది కాకపోవచ్చు. వీడియోలో మీ ఇంటి కప్పు మొదలుకుని గొట్టం లోపలి దాకా తెగకుండా ఉండాలని అడగండి. నిజంగానే ప్రమాదమనిపిస్తే ఆ పరికరం ఆపేసి, ఇంకొకరితో చూపించండి. చిమ్నీ మంచిగా లేదని తేలినా, పొయ్యి వెలిగించకుండా ఒక వారం ఆగితే నష్టమేమీ లేదు.

కాలం కూడా చూసుకోవాలి. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి పడితే మామూలు ఏర్పాట్లతో మాలు పట్టు రాదు. కాబట్టి తాపీ పని వసంతం నుంచి అక్టోబరు లోపు. అయితే వసంతంలో చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పిట్టలు గొట్టాల్లో గూళ్లు కడతాయి. గుడ్లు, పిల్లలు ఉన్న గూడు తీయడం 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం. గొట్టంలోంచి కిచకిచలు వినిపిస్తే బయటి పాయింటింగ్ చేయించి, శుభ్రం చేయడం, టోపీ పెట్టడం పిట్టలు దక్షిణానికి వెళ్లాక పెట్టుకోండి.

కట్టెల ఫైర్‌ప్లేసు వాడేవారు 20 శాతం కంటే తక్కువ తేమ ఉన్న ఎండు కట్టెలే వాడాలి. పచ్చి కట్టె పొగ గొట్టంలో క్రియోసోట్ అనే, మండే గుణమున్న నల్లటి మడ్డిగా పేరుకుంటుంది. అది అంగుళంలో ఎనిమిదో వంతు మందం దాటితే శుభ్రం చేయించాలి, అంటుకుంటే గొట్టం మొత్తం భగ్గుమంటుంది. భోగి నాడు బయట మంట వేసే వీలు లేదని పాత కుర్చీలు, రంగు వేసిన చెక్కలు, అట్టపెట్టెలు ఫైర్‌ప్లేసులో వేయవద్దని మా మనవి. రంగుల పొగ విషం, అట్ట మంట ఎగసి క్రియోసోట్‌ను అంటిస్తుంది. రెండు ఎండు కట్టెలు వేసి పండుగ చేసుకోవచ్చు.

తెలుగు సంఘాలు ఇల్లు కొనడం మీద సదస్సులు పెట్టినప్పుడు రుణాల ఏజెంటుతో పాటు ఒక చిమ్నీ స్వీప్‌ను కూడా పిలవాలని, ఇలాంటి సమాచారాన్ని ప్రవాస పేజీలో చలి ముదిరాక కాకుండా ఆగస్టులోనే ప్రచురించాలని కోరుతున్నాం. అప్పుడైతే మాలు ఆరడానికి వాతావరణమూ ఉంటుంది, మంచి పనివాళ్ల దగ్గర ఖాళీ తేదీలూ ఉంటాయి.

ఇట్లు
ఇళ్ల తనిఖీ, తాపీ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు
మిడిల్‌సెక్స్ కౌంటీ, న్యూజెర్సీ